తిరుపతి ఎండకీ తుఫాను వానకీ నిలబడే చెట్లు: ఎంచుకోవడం, నాటడం, పెంచడం ఎలా?

2021 నవంబర్ 18, 19 తేదీల వానను తిరుపతిలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. కొండ నీళ్లు కపిలతీర్థం దగ్గర ఉరికి దిగాయి, ఊళ్లో వీధులు వాగులయ్యాయి. కరకంబాడి రోడ్డు వైపు ఉన్న మా లేఅవుట్‌లో ఆ రెండు రోజుల్లోనే తొమ్మిది చెట్లు ఒరిగాయి. వాన కాస్త తెరపిచ్చిన పొద్దున ఒక్కో చెట్టు దగ్గరికీ వెళ్లి చూశాను. పార్కు గేటు పక్కన ఒక పచ్చ తురాయి వేర్లతో సహా లేచి పడి ఉంది. ఆరేళ్ల చెట్టు, రెండంతస్తుల ఎత్తు. దాని వేర్లన్నీ ఒకదాని చుట్టూ ఒకటి మెలికలు తిరిగి, సరిగ్గా ఒక బక్కెట్ అంత ముద్దలా ఉన్నాయి. ఆ ముద్దకి ఒక పక్క నల్ల కవర్ ముక్క ఇంకా అతుక్కునే ఉంది. నాటిన రోజు కవర్ తీయకుండా, అడుగున రెండు గాట్లు పెట్టి గుంతలో దించేశారన్నమాట.

మా మాలి పెద్దాయన దాన్ని కాలితో కదిపి చూసి, "సామీ, ఇది ఆరేళ్లుగా కుండీలో మొక్కే. భూమిని పట్టుకోనే లేదు" అన్నాడు.

మా సంఘం తరఫున చెట్ల పని చూసేది నేనే. ఆ రోజు నుంచి పడిన ప్రతి చెట్టునూ, నరకాల్సి వచ్చిన ప్రతి చెట్టునూ ఇలాగే వెనక్కి వెళ్లి చూస్తున్నాను. దాదాపు ప్రతిసారీ తప్పు మొదటి రోజు దగ్గరే దొరుకుతోంది. ఆ చోటికి తగని చెట్టు, నాసిరకం మొక్క, లేదంటే ఇరుకు గుంత. అందుకే ఇంటి ముందుకో, లేఅవుట్ పార్కుకో, స్కూలు ఆవరణకో చెట్లు పెట్టాలనుకునేవాళ్లు నర్సరీకి బయల్దేరే ముందే ఇది చదవాలని కోరుకుంటున్నాను.

ముందు టేపు పట్టుకోండి

మొక్క పేరు తర్వాత. మొదట ఒక కాగితం మీద మీ స్థలం గీసి, ఇల్లు, ప్రహరీ, సంపు, సెప్టిక్ ట్యాంక్, డ్రైనేజీ పైపు, బోరు, కరెంటు తీగలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టండి. పైకి చూడటం మర్చిపోకండి. చాలామంది నేలను కొలుస్తారు కానీ తల ఎత్తి తీగలు చూడరు.

తర్వాత మధ్యాహ్నం రెండున్నరకి బయటికొచ్చి నిలబడండి. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటడం మామూలే. ఇంటిని కాల్చేది మధ్యాహ్నం తర్వాత పడమటి నుంచి వచ్చే ఎండ. నీడనిచ్చే పెద్ద చెట్టు ఒక్కదానికే చోటుంటే అది ఇంటికి పడమర వైపు ఉండేలా చూసుకోండి. తూర్పున చిన్న చెట్లు, పొదలు చాలు.

దూరం విషయంలో నేను పాటించే లెక్క ఇది. చెట్టు పూర్తిగా పెరిగాక దాని గొడుగు ఎంత వెడల్పు ఉంటుందో అందులో సగం కన్నా కాస్త ఎక్కువే గోడకీ మొదలుకీ మధ్య వదలాలి. కానుగ, పొగడ ఇరవై అయిదు, ముప్ఫై అడుగుల దాకా విచ్చుకుంటాయి, అంటే గోడకి కనీసం పదిహేను అడుగులు. రేల చెట్టుకి పన్నెండు, పారిజాతానికి ఆరు అడుగులు చాలు. రావి, మర్రి, నిద్రగన్నేరు అరవై అడుగులు కూడా పరుచుకుంటాయి. అవి గుడి ముందరికి, చెరువు గట్టుకి, పెద్ద మైదానానికి అందం. ముప్ఫై బై నలభై సైటులో రావి మొక్క పెడితే ఇరవై ఏళ్లకి గొడ్డలి తెప్పించక తప్పదు, అప్పుడు రావిని నరికే మనిషి కూడా దొరకడు.

కరెంటు తీగల కింద పదిహేను అడుగులు దాటనివే పెట్టాలి. దేవగన్నేరు, పారిజాతం, నందివర్ధనం, కరివేపాకు, మందారం అక్కడ హాయిగా ఉంటాయి. తీగల కింద కానుగ వరస పెట్టి, ఏటా లైన్‌మన్ వచ్చి నడినెత్తిన నరికేస్తున్నాడని బాధపడటం నేను చాలా వీధుల్లో చూశాను. తప్పు అతనిది కాదు.

నేలని ఒక రాత్రి పరీక్షించండి

కొండ వాలు వైపు కాలనీల్లో పైన జానెడు ఎర్రమట్టి, కింద గరుసు, ఇంకా కింద బండ. స్వర్ణముఖి వైపు, తిరుచానూరు దారిలో ఇసుక పాలు ఎక్కువ. చెరువు పూడ్చి వేసిన లేఅవుట్లలో నల్ల బంక, దాని మీద ఎక్కణ్ణుంచో తెచ్చి పోసిన మట్టి, ఇటుక ముక్కలు. ఒకే ఊళ్లో ఇన్ని రకాలు ఉన్నప్పుడు పక్కింటివాళ్ల చెట్టు బాగుందని మీరూ అదే పెట్టేస్తే సరిపోదు.

రెండడుగుల లోతు గుంత తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక సాయంత్రం మళ్లీ నింపండి. పొద్దునకల్లా ఇంకిపోతే ఆ నేలలో దాదాపు ఏదైనా బతుకుతుంది. పొద్దున కూడా నీళ్లు నిలబడే ఉంటే అక్కడ ఎర్రచందనం, సంపంగి, మామిడి పెట్టకండి, అక్టోబర్ వానల్లో వేర్లు కుళ్లిపోతాయి. అలాంటి చోటికి తెల్లమద్ది, నేరేడు, కానుగ సరైనవి. కానుగ నీళ్లు నిలిచినా తట్టుకుంటుంది, ఎండినా తట్టుకుంటుంది. మన నేల కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

ఏ చెట్టు ఎక్కడ

నీడ కోసం నా మొదటి ఓటు కానుగకే. మార్చి, ఏప్రిల్‌లో కొద్ది రోజులు ఆకు రాల్చి, ఎండలు ముదిరేలోపు లేత పచ్చగా చిగురిస్తుంది. మనకి నీడ కావాల్సిన రోజుల్లో గొడుగు పట్టుకుని నిలబడుతుంది. ఆకుల మీద చిన్న చిన్న బొడిపెలు వస్తే కంగారు పడకండి. అది ఒక రకం నల్లి పని, చెట్టుకి ప్రాణాపాయం లేదు, మందు కొట్టాల్సిన పనీ లేదు.

పొగడ నెమ్మదిగా పెరుగుతుంది. మొదటి అయిదేళ్లు ఓపిక పట్టలేనివాళ్లు దాన్ని పీకేస్తారు. పట్టినవాళ్లకి ఏడాది పొడుగునా ఆకు, గట్టి కొయ్య, పొద్దున్నే నేల మీద నక్షత్రాల్లా రాలిన పూలు. గుడి ఆవరణకీ, స్కూలుకీ దీనికి మించింది లేదు. గంగరావి కూడా మంచి వీధి చెట్టే. ఈ మధ్య ఎవరూ అడగకపోవడం వల్ల నర్సరీల్లో అరుదైపోయింది, అడిగి తెప్పించుకోండి. రేల ఏప్రిల్, మే నెలల్లో బంగారు గుత్తులతో వేలాడుతుంది. వానాకాలంలో దాని ఆకుల్ని పచ్చ గొంగళిపురుగులు తినేస్తాయి. అవి కొన్నాళ్లకి పసుపు సీతాకోకచిలుకలై ఎగిరిపోతాయి, చెట్టు మళ్లీ చిగురిస్తుంది. ఊరికే ఉండండి.

కొండ చెట్టు ఎర్రచందనం గురించి ఒక మాట. శేషాచలం, పాలకొండ, వెలిగొండల చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు ఇది. మన గరుసు నేల దానికి పుట్టిల్లు. కాబట్టి కొండ వాలు కాలనీల పార్కుల్లో రెండు మూడు పెట్టుకుంటే చాలా సంతోషం. కానీ దాన్ని నీడ చెట్టు అనుకోకండి. ఎండాకాలంలో ఆకు రాల్చేస్తుంది, పెరుగుదల చాలా నెమ్మది. డబ్బు చెట్టు అని కూడా అనుకోకండి. మీ స్థలంలో మీరే నాటినా, కొట్టాలన్నా, చెక్క తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి. నాటిన సంవత్సరం, సంఖ్య, ఫోటోలు ఒక ఫైల్లో పెట్టుకోవడం మంచిది.

ఇప్పుడు వద్దని చెప్పేవి. తురాయి, పచ్చ తురాయి, నిద్రగన్నేరు, ఆకాశమల్లె అందమైనవే. నాకూ తురాయి పూత చూస్తే ప్రాణం లేచొస్తుంది. కానీ వీటి కొయ్య పెళుసు, గట్టి నేలలో వేర్లు పైపైనే పాకుతాయి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫానుకి విశాఖపట్నంలో వేలకి వేలు చెట్లు కూలిన సంగతి తెలిసిందే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాను వాన చూసే ఊరు మనది. ఇవి కావాలంటే మనుషులు, కార్లు, తీగలు లేని మైదానం మధ్యలో పెట్టుకోండి, పార్కింగ్ మీద మాత్రం వద్దు.

కోనోకార్పస్ అసలే వద్దు. ఆరు నెలల్లో గోడలా పచ్చగా లేస్తుందని కొత్త లేఅవుట్లవాళ్లకి అదంటే మోజు. దాని వేర్లు పైపుల్లోకి దూరుతున్నాయనీ, పుప్పొడి అలర్జీలు తెస్తోందనీ గుజరాత్ ప్రభుత్వం 2023లోనే దాన్ని నిషేధించింది. ఏడాకుల పొన్న కూడా కిటికీల పక్కన వద్దు. చలికాలం మొదట్లో పూత ఘాటుకి రాత్రిళ్లు తలనొప్పి, ఆయాసం వచ్చేవాళ్లున్నారు.

పిల్లలు తిరిగే చోట, ఆవులు మేసే చోట గన్నేరు, పచ్చగన్నేరు పెట్టకండి. గన్నేరు చెట్టంతా విషమే, పచ్చగన్నేరు కాయ మరీ ప్రమాదం. ఇది నేను ప్రతి స్కూలువాళ్లకీ చెప్తాను, అయినా ప్రతి ఏడూ ఏదో ఒక స్కూలు గోడ వెంట కొత్త వరస కనిపిస్తుంది.

పండ్ల చెట్ల సంగతి. అలిపిరి, కపిలతీర్థం చుట్టుపక్కల ఉన్నవాళ్లకి కోతులతో అనుభవం ఉండే ఉంటుంది. జామ, సపోటా పెడితే కాయలు పోవడంతో ఆగదు, కొమ్మలు విరుస్తాయి, ట్యాంకు మూతలు తీస్తాయి. అక్కడ నీడ చెట్లకీ పూల చెట్లకీ పరిమితం కావడం మేలు. చిత్తూరు, పూతలపట్టు, బంగారుపాళ్యం వైపు పెద్ద పెరళ్లున్నవాళ్లు మామిడి, చింత, ఉసిరి హాయిగా పెంచుకోవచ్చు.

అన్నీ ఒకటే పెట్టకండి

లేఅవుట్ వీధి పొడుగునా ఒకే చెట్టు వరసగా ఉంటే చూడటానికి బాగుంటుంది. కానీ ఒక తెగులు వస్తే వరసంతా ఒకేసారి పోతుంది. ఈ మధ్య సంవత్సరాల్లో తెలుగు రాష్ట్రాల్లో వేప చెట్లు చివర్ల నుంచి మాడిపోయినట్టు ఎండటం అందరం చూశాం. చాలావరకు మళ్లీ చిగురించాయి కానీ, అన్నీ వేపలే ఉన్న వీధులు కొన్ని నెలలు బోసిగా నిలబడ్డాయి. అమెరికా వృక్ష శాస్త్రవేత్త ఫ్రాంక్ శాంటమౌర్ 1990లో ఒక లెక్క చెప్పాడు. ఊళ్లోని చెట్లలో ఒకే జాతివి నూటికి పది, ఒకే ప్రజాతివి (దగ్గరి జాతుల గుంపు) ఇరవై, ఒకే కుటుంబానివి ముప్ఫై దాటకూడదన్నది ఆ లెక్క. అక్షరాలా పాటించలేకపోయినా దాని వెనకున్న ఆలోచన మనకి పనికొస్తుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. కానుగ, రేల, తురాయి, పచ్చ తురాయి, నిద్రగన్నేరు, ఎర్రచందనం. ఆరు రకాలు పెట్టామనుకుంటారు, కానీ ఆరూ చిక్కుడు కుటుంబానివే. వాటి పక్కన పొగడ, గంగరావి, నేరేడు, మద్ది, వేప కూడా కలిపితే అప్పుడు నిజంగా రకాలు పెట్టినట్టు. ముప్ఫై చెట్ల చిన్న లేఅవుట్‌కి ఆరేడు జాతులు చాలు. వీధికొకటి చొప్పున పెడితే వరస అందమూ పోదు.

నర్సరీలో మొక్కని ఎలా చూడాలి

ఎత్తు చూసి మోసపోకండి. కడియం నుంచి లారీల్లో దిగిన పదడుగుల మొక్క కన్నా, నాలుగైదు అడుగుల కుదిమట్టమైన మొక్క మూడేళ్లలో దాన్ని దాటిపోతుంది. చిన్న కవర్‌లో పెద్ద మొక్క ఉందంటే లోపల వేర్లు చుట్టుకుపోయాయనే అర్థం.

మొదలు దగ్గర మట్టి వేలితో కాస్త తీసి చూడండి. వేర్లు మొదలయ్యే చోట కాండం కొద్దిగా లావెక్కి కనిపించాలి. అక్కడే ఒక వేరు మెడకి ఉరితాడులా చుట్టుకుని ఉంటే ఆ మొక్కని వదిలేయండి. తర్వాత ఒక మొక్కకి కవర్ చింపి చూపించమనండి. వేర్లు గోడ పొడుగునా గుండ్రంగా తిరిగి గట్టి గంపలా అయిపోతే ఆ లాటే వద్దనండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, యాభై మొక్కలు కొంటున్నప్పుడు ఒక కవర్ పోతే ఏమీ కాదు. కర్ర విప్పేస్తే తనంతట తాను నిలబడుతోందా, నడిమి కాండం ఒకటే ఉందా, కోసేసిన తల కాదు కదా అనేవి చూసుకుంటే చాలు.

నాటడం

ఆగస్టు నడిమి నుంచి సెప్టెంబర్ చివరి దాకా మన ఊరికి మంచి అదను. అప్పుడు నాటితే నైరుతి చివరి వానలూ, ఆ వెంటనే ఈశాన్య వానలూ రెండూ అందుతాయి. మార్చికల్లా వేర్లు కాస్త దూరం పాకుతాయి. జూన్ 5న పర్యావరణ దినోత్సవం అని నాటి, ఫోటోలు దిగి వెళ్లిపోతే ఆ నెల ఎండకే సగం పోతాయి. ఆ రోజే నాటాలంటే నీళ్లు పోసే మనిషిని ముందే మాట్లాడుకోండి.

గుంత లోతు కన్నా వెడల్పు ముఖ్యం. చెట్టు వేర్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, పక్కలకి గొడుగు దాటి పోతాయి. అందుకని వేర్ల ముద్ద ఎంత లోతుందో అంతే లోతు, దానికి మూడింతల వెడల్పు తీయండి. కింద గరుసు గట్టిగా ఉంటే గడ్డపారతో అడుగును పగలగొట్టి వదులు చేయండి. గుంత గోడలు పారతో నున్నగా చెక్కినట్టు వదిలేయకండి, గీతలు పెట్టి గరుకుగా చేయండి. లేకపోతే వేరు ఆ గోడకి తగిలి కుండీలో తిరిగినట్టే తిరుగుతుంది.

కవర్ పూర్తిగా తీసేయండి. అడుగున గాట్లు పెట్టడం, పక్కన చీల్చి అలాగే దించడం ఒప్పుకోవద్దు. చుట్టుకున్న వేర్లు కనిపిస్తే పదునైన కత్తితో ముద్దకి నాలుగు వైపులా పై నుంచి కిందికి అంగుళం లోతున గాట్లు పెట్టి వేళ్లతో విడదీయండి. చూడటానికి జాలేస్తుంది కానీ, ఆ గాట్ల దగ్గర నుంచే కొత్త వేర్లు బయటికి పోతాయి.

మొక్క మెడ, అంటే వేర్లు మొదలయ్యే చోటు, భూమి మట్టానికి సమంగా, లేదా ఒక అంగుళం పైకి ఉండాలి. లోతుగా పూడ్చితే గట్టిగా నిలబడుతుందని చాలామంది నమ్మకం, కానీ మెడ మట్టిలో ఉంటే చెట్టు ఏళ్ల తరబడి ఊపిరాడక నీరసిస్తుంది. తవ్విన మట్టినే తిరిగి వేయండి. అందులో నాలుగో వంతుకి మించకుండా బాగా చివికిన పశువుల ఎరువు, రెండు దోసిళ్ల వేపపిండి కలపండి. మన ఎర్ర నేలలో చెదలు ఎక్కువ, పచ్చి పేడ వేస్తే పిలిచినట్టే.

ఊతకర్రలు రెండు, ఆ పక్కొకటి ఈ పక్కొకటి, మొక్క ఎత్తులో మూడో వంతు దగ్గర వదులుగా పాత గుడ్డతో కట్టండి. గాలికి మొక్క కొద్దిగా ఊగాలి. ఊగితేనే కాండం లావవుతుంది. ఏడాదికి విప్పేయాలి. ప్లాస్టిక్ తాడు మర్చిపోయి మానులోకి కోసుకుపోయిన చెట్లు మన రోడ్డు డివైడర్ల మీద ఎన్నో.

నీళ్లు

మొదటి నెల రెండు రోజులకోసారి, తర్వాత మొదటి ఎండాకాలమంతా వారానికి రెండుసార్లు, ఒక్కో మొక్కకి రెండు బిందెలు నెమ్మదిగా ఇంకేలా పోయండి. రెండో ఎండాకాలం వారానికోసారి, మూడో ఏడు పదిహేను రోజులకోసారి. రోజూ చెంబుడు పోయడం కన్నా ఇదే మేలు. రోజూ కొంచెం తాగితే వేర్లు పైనే ఉండిపోతాయి.

పాది ప్రతి ఏడూ పెద్దది చేయాలి. నీళ్లు చెట్టు మొదలు దగ్గర కాదు, గొడుగు అంచు కింద పడాలి. పాదిలో ఎండుటాకు మూడు నాలుగు అంగుళాల మందాన పరవండి, కానీ మొదలుకి తగలకుండా జానెడు దూరం వదలండి. లేఅవుట్లలో ఆకు ఊడ్చి తగలబెడతారు. ఆ ఆకు చెట్టుదే, దాని కాళ్ల దగ్గరే వేయండి.

కొమ్మ కోయడం

ఎక్కువ చెట్లు పాడయ్యేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మనిషి గాయం మానినట్టు చెట్టు గాయం మానదు. పాడైన చెక్క మళ్లీ మంచిది కాదు, చెట్టు దాన్ని లోపల గోడ కట్టినట్టు మూసేసి, పైన కొత్త చెక్క పెంచుకుంటుంది. అమెరికా అటవీ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి చూసి ఈ సంగతి నిరూపించాడు. అందుకే ఎక్కడ కోశామన్నది అంత ముఖ్యం.

కొమ్మ మానుని కలిసే చోట చిన్న ఉబ్బు, ఉంగరంలా ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. మూసుకునే శక్తి ఆ ఉంగరంలోనే ఉంది. కోత దానికి బయటి అంచున పడాలి. ఉంగరాన్ని కోసేసి మానుకి నున్నగా చేయొద్దు, జానెడు మోడు వదలనూ వద్దు. మోడు కుళ్లి ఆ కుళ్లు లోపలికి పోతుంది.

లావు కొమ్మ అయితే మూడు కోతలు. మానుకి అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు లోతు రంపం వేయండి. దానికి రెండంగుళాలు అవతల పై నుంచి కోసేస్తే కొమ్మ పడిపోతుంది. మిగిలిన మోడును ఉంగరం దగ్గర మూడో కోతతో తీసేయండి. మొదటి కోత లేకుండా పై నుంచే నరికితే కొమ్మ బరువుకి మాను బెరడు కింది దాకా చీలుకుపోతుంది. కోసిన చోట సిమెంట్, తారు, పెయింట్ ఏదీ పూయొద్దు.

నడినెత్తిన నరకడం మానేయండి. చెట్టు పొట్టిగా ఉంటే తుఫానుకి పడదని నరికిస్తారు. నరికిన చోట పదిహేను ఇరవై రెమ్మలు గుంపుగా లేస్తాయి, వాటికి లోపల పట్టు ఉండదు. నాలుగేళ్లకి ముందున్న ఎత్తుకే చేరి, ఈసారి గాలికి సునాయాసంగా విరుగుతాయి. దానికి బదులు ఎండు కొమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునేవి, ఇంటి మీదికి మరీ వంగినవి ఏరి తీయించండి. ఒక ఏడాదిలో నాలుగో వంతు ఆకుకి మించి తీయొద్దు.

అసలు పని మాత్రం చిన్నప్పుడే చేసేయాలి. నాటిన రెండో ఏడు నుంచి ఆరో ఏడు దాకా ఏటా ఒకసారి సికేచర్ (కొమ్మలు కోసే కత్తెర) పట్టుకుని పది నిమిషాలు నిలబడండి. నడిమి కాండంతో పోటీ పడే రెండో కాండాన్ని పొట్టి చేయండి. లేకపోతే అది ముదిరి, రెండింటి మధ్య బెరడు ఇరుక్కుని, ఇరవై ఏళ్లకి వాన బరువుకి నిట్టనిలువునా చీలుతుంది. కింది కొమ్మల్ని ఒకేసారి తీసేయకండి, కాండం లావయ్యేది వాటి వల్లే. ఏటా రెండేసి చొప్పున తీస్తూ మనిషి ఎత్తుకి పైకి తీసుకెళ్లండి.

తీగల దగ్గరున్న కొమ్మ మీద చెయ్యి వేయకండి. విద్యుత్ శాఖకి చెబితే ఎల్సీ (లైన్ మీద పని చేయడానికి అనుమతి) తీసుకుని సరఫరా ఆపి కొడతారు. వాళ్లు వచ్చినప్పుడు పక్కన నిలబడి, ఏ కొమ్మ ఎక్కడ కోయాలో మర్యాదగా చెబితే సాధారణంగా వింటారు.

పొదలు

పొదల్ని కూడా చెట్లలాగే వెడల్పు చూసి పెట్టాలి. నర్సరీలో అరచేయంత ఉన్నాయని అడుగుకొకటి కుక్కేసి, తర్వాత నెలనెలా కత్తిరించలేక అలసిపోతారు.

కంచె కోసం వాక్కాయకి నా ఓటు. ముళ్లుంటాయి, నీళ్లు పెద్దగా అడగదు, కాయలు పప్పులోకీ పచ్చడికీ వస్తాయి. గోరింట, అడ్డసరం, తంగేడు కూడా ఎండకి ఓర్చుకుంటాయి. నూరు వరహాలు, మందారం, నందివర్ధనం నీళ్లు అందే వైపు పెట్టండి. నీళ్లు కావాల్సినవి ఒక చోట, అక్కర్లేనివి ఇంకో చోట ఉంటే రెండూ బాగుంటాయి. కాగితపు పూల తీగకి నీళ్లు ఎక్కువైతే ఆకే ఉంటుంది, పువ్వు ఉండదు.

కంచె కత్తిరించేటప్పుడు కింద వెడల్పు, పైన సన్నం. తలకిందులైతే అడుగున ఎండ పడక ఆకులు రాలి కాళ్లు బయటపడతాయి. పూల పొదల్ని డబ్బాల్లా కత్తిరించడం కన్నా, ఏటా పాత ముదురు కొమ్మల్లో మూడో వంతు నేల దగ్గరికి కోసేయండి. మూడేళ్లలో పొద మొత్తం కొత్తదవుతుంది. మల్లెకి నవంబర్ చివర నుంచి డిసెంబర్‌లో నీళ్లు ఆపి కొమ్మలు కత్తిరిస్తే ఎండాకాలం పూత విరగబూస్తుంది. మందారానికి పిండినల్లి పడితే ముందు పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి. పోకపోతే లీటరు నీళ్లకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి.

పెద్ద చెట్టు ఉన్నవాళ్లకి

ఇప్పటికే పాత చింతో వేపో ఉన్న స్థలం మీకు దొరికితే అదృష్టమే. ఇల్లు కట్టేటప్పుడు ఇసుక, కంకర, సిమెంట్ నీళ్లు దాని గొడుగు కింద పడనివ్వకండి. జేసీబీని అటు పోనివ్వకండి. చెట్టు మొదలు చుట్టూ రెండడుగులు మట్టి పోసి ఎత్తు చేస్తే మంచి చెట్టు కూడా మూడు నాలుగేళ్లలో నిలువునా ఎండుతుంది. అప్పటికి ఎవరికీ కారణం గుర్తుండదు.

మొదలు చుట్టూ టైల్స్, సిమెంట్ ఉంటే పగలగొట్టించండి. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మేకులు, బోర్డులు, మానుకి బిగించి చుట్టిన లైట్ల తీగలు తీసేయండి.

కొట్టక తప్పని పరిస్థితి వస్తే రాత్రికి రాత్రి పని కానివ్వకండి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి కావాలి. అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అడిగితే దారి చెప్తారు.

వానలకి ముందు, వానలయ్యాక

సెప్టెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున అన్ని చెట్ల చుట్టూ తిరగండి. చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగుల్లాంటివి, చెక్కలా గట్టిగా అతుక్కున్నవి ఉన్నాయా? కొమ్మల పంగలో చీలిక ఉందా? ఒక పక్క మట్టి లేచి పగుళ్లిచ్చిందా? మానుని సుత్తి పిడితో తడితే డొల్ల చప్పుడు వస్తోందా? వీటిలో ఏదున్నా కింద కార్లు, బెంచీలు లేకుండా చేసి, తెలిసినవాళ్లకి చూపించండి.

వానకి చిన్న చెట్టు ఒరిగితే వెంటనే రంపం తేకండి. నాలుగైదేళ్ల లోపుది, వేర్లు సగానికి పైగా నేలలోనే ఉంటే ఒకటి రెండు రోజుల్లో లేపి నిలబెట్టొచ్చు. తెగిన వేర్లని కత్తితో శుభ్రంగా కోసి, బయటపడ్డవాటి మీద తడి గోనె కప్పి, కింద మట్టి వదులు చేసి నెమ్మదిగా లేపాలి. మూడు వైపుల నుంచి ఊతం కట్టాలి, కొమ్మలు కాస్త పలచన చేయాలి, ఆ ఎండాకాలం మళ్లీ కొత్త మొక్కకి పోసినట్టు నీళ్లు పోయాలి.

2021 వానకి ఒరిగిన తొమ్మిదిలో పచ్చ తురాయిలు, కోనోకార్పస్‌లు పోయాయి. రెండు పొగడ మొక్కలు మాత్రం మా మాలి పెద్దాయన, నేను, వాచ్‌మన్ అబ్బాయి కలిసి తాళ్లతో లేపి నిలబెట్టాం. ఒకటి ఆ మే నెలలోనే ఎండిపోయింది. రెండోదానికి ఊతకర్రలు 2023 వేసవిలో విప్పాం. ఆ డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వానకి అది కదల్లేదు.